నిడమానూరు దగ్గర హైవే మీద వేగ పరిమితి ఎవరు పెడతారు? మార్పించాలంటే ఎవరి దగ్గరికెళ్లాలి?

టీచర్_నిడమానూరు · ఆదివారం రాత్రి 8:50

అందరికీ నమస్కారం. పద్నాలుగేళ్లుగా ఈ రోడ్డు పక్కనే ఉంటున్నాను. విజయవాడ నుంచి వస్తూ రామవరప్పాడు రింగ్ దాటాక ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి... ఊరు ఎక్కడ అయిపోయిందో హైవే ఎక్కడ మొదలైందో ఇప్పుడు చెప్పలేం. ఇటు అపార్ట్‌మెంట్లు, అటు కాలేజీలు, షోరూములు, టిఫిన్ సెంటర్లు. మధ్యలో ఎన్‌హెచ్-16. మా పిల్లల్లో చాలామంది అవతలి వైపు నుంచే వస్తారు. పొద్దున ఎనిమిదింటికి డివైడర్ మీద నిలబడి, సంచీ బిగించి పట్టుకుని, ఏ బండి ఎంత దూరంలో ఉందో లెక్క వేసుకుంటూ ఉంటారు. పోయిన గురువారం ఐదో తరగతి పిల్ల సగం దాటి, భయపడి వెనక్కి పరిగెత్తింది. కారు ఆగింది. పిల్లకి ఏమీ కాలేదు. ఆ బ్రేకు చప్పుడు మాత్రం మా తరగతి గదిలోకి వినిపించింది.

ఇక్కడ బళ్లు ఎంత వేగంతో పోవాలో నిర్ణయించేది ఎవరు? ఒకచోట 80 అని బోర్డు ఉంది. ఇంకొంచెం ముందుకెళ్తే చెట్టు కొమ్మల వెనకాల రంగు వెలిసిన 40 ఉంది. ఒక ఆఫీసుకెళ్తే మా పని కాదన్నారు. రెండో ఆఫీసుకెళ్తే మళ్లీ మొదటి ఆఫీసుకే వెళ్లమన్నారు. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

పటమట_బైకర్ · ఆదివారం రాత్రి 9:15

టీచర్ గారూ, పిల్లల సంగతి చదివి బాధేసింది. కానీ పరిమితి తగ్గిస్తే వేగం తగ్గుతుందని నేను నమ్మను. రోజూ పటమట నుంచి కేసరపల్లి ఐటీ పార్కు దాకా బండి మీద వెళ్లొస్తాను. పోయిన నెల రెండు చలాన్లు వచ్చాయి. ఒకటి 60 ఉన్నచోట 71లో వెళ్లానని. ఆ 60 బోర్డు ఎక్కడుందా అని తర్వాత వెతుక్కుంటూ వెళ్తే ఫ్లెక్సీ వెనకాల దొరికింది. అందరూ చేసేది ఒకటే: కెమెరా దగ్గర బ్రేకు, దాటగానే మళ్లీ యాక్సిలరేటర్. 40 పెట్టినా 30 పెట్టినా చలాన్ల డబ్బు పెరుగుతుంది, అంతే.

ఆటోనగర్_లారీ · ఆదివారం రాత్రి 10:02

అమ్మా, ఇరవై ఆరేళ్లుగా స్టీరింగ్ పట్టుకున్నోణ్ణి, ఇప్పుడు రెండు బళ్లు ఉన్నాయి. మా లారీకి స్పీడ్ గవర్నర్ ఉంటది, 80 దాటదు. ట్యాంకర్లకి, టిప్పర్లకి, స్కూలు బస్సులకి 60కే కట్టేయాలని రూలు. లోడు మీదున్న బండి కారు లాగా ఆగదమ్మా. డివైడర్ సందులోంచి పిల్లకాయ దిగితే మాకు గుండె ఆగినంత పనైద్ది. బోర్డు ముందుగా, పెద్దగా కనపడితే మేమే తగ్గిస్తాం. చివర్లో కనపడితే తగ్గించడానికి ఏముంది? వెనకాలోడు వచ్చి గుద్దుతాడు.

లా_గుంటూరు · ఆదివారం రాత్రి 10:40

చట్టం ఏమంటుందో చెప్తాను, ఎందుకంటే టీచర్ గారి ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

మోటారు వాహనాల చట్టం 1988లో 112వ సెక్షన్. గరిష్ఠ వేగం ఇంతకు మించకూడదని కేంద్రం గెజిట్‌లో ఇంటి పైకప్పు లాంటి పరిమితి ఒకటి వేస్తుంది. ఆ కప్పు కింద, ఏ రోడ్డు మీదైనా, ఏ వంతెన మీదైనా, ప్రజల భద్రత కోసం ఇంకా తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా రాష్ట్రం అధికారం ఇచ్చిన అధికారిది. దానికి రెండు పనులు జరగాలి. గెజిట్ నోటిఫికేషన్ రావాలి, రోడ్డు మీద తగిన చోట బోర్డు నిలబడాలి. ఒకటి ఉండి ఇంకొకటి లేకపోతే ఆ పరిమితి కుంటిదే. నెల రోజులు దాటని ఆంక్షకి మాత్రం నోటిఫికేషన్ అక్కర్లేదు. దసరా తొమ్మిది రోజులు ఇంద్రకీలాద్రి చుట్టూ పెట్టే ఆంక్షల్లాంటివి ఆ వెసులుబాటులోకి వస్తాయి.

కేంద్రం వేసిన కప్పు 2018 ఏప్రిల్ 6 నాటి నోటిఫికేషన్. కారుకి ఎక్స్‌ప్రెస్‌వే మీద 120, మధ్యలో డివైడర్ ఉండి నాలుగు వరుసలూ అంతకుమించీ ఉన్న రోడ్డు మీద 100, మున్సిపల్ హద్దుల్లో 70. బైకుకి నాలుగు వరుసల రోడ్డు మీద 80, మున్సిపల్ హద్దుల్లో 60. సరుకు బళ్లకి 80, 60. బస్సులకి 90, 60. ఆటోకి ఎక్కడైనా 50.

బైకర్ గారూ, కెమెరా ఉన్నచోట ముందుగా హెచ్చరిక బోర్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ చెబుతుంది. 2021 ఆగస్టులో వచ్చిన నిబంధన. తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలని కూడా అందులోనే ఉంది. మీకు ఎన్నాళ్లకి వచ్చింది?

పటమట_బైకర్ · ఆదివారం రాత్రి 10:52

23 రోజులకి.

లా_గుంటూరు · ఆదివారం రాత్రి 10:58

అయితే కట్టేయకుండా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. బోర్డు ఫొటో, ఫ్లెక్సీ ఫొటో జత చేయండి. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. అతివేగంగా పోయాడని ఎవరో కంటితో చూసి చెప్పిన మాట ఒక్కదాని మీద శిక్ష వేయకూడదు. యంత్రంతో కొలిచి ఉండాలి. 183వ సెక్షన్‌లో మూడో ఉపవిభాగం చదవండి.

టీచర్_నిడమానూరు · సోమవారం ఉదయం 6:20

లా గారూ, రాత్రంతా ఒకటే ఆలోచన. మున్సిపల్ హద్దుల్లో 70 అన్నారు. మాది పంచాయతీ. విజయవాడ కార్పొరేషన్ రామవరప్పాడు దగ్గరే అయిపోయింది. అంటే బోర్డు లేనిచోట మా ఊరి మధ్యలో కారు 100లో పోయినా కాగితం మీద తప్పు లేదా?

లా_గుంటూరు · సోమవారం ఉదయం 7:05

కేంద్రం పట్టిక ప్రకారం చూస్తే అంతే. ఇది చాలామందికి తెలియని సంగతి. అదే హైవే మీద కనకదుర్గ వారధి దాటి అటు వెళ్లండి. తాడేపల్లి, మంగళగిరి, చినకాకాని, కాజ వరకూ 2021 నుంచి మంగళగిరి-తాడేపల్లి కార్పొరేషన్‌లో ఉన్నాయి. అక్కడ మున్సిపల్ హద్దు అనే మాట పనికొస్తుంది. రోడ్డేమో నాలుగు వరుసలకి మించినది. పట్టికలోని 100, 70 రెండూ వర్తిస్తాయనే వాదన ఉంది కానీ, జనం నివసించే చోట తక్కువదే తీసుకోవాలని నా అభిప్రాయం. మీ వైపు ఆ మాట కూడా లేదు. ఇళ్లు పెరిగాయి, హద్దు పెరగలేదు. కాబట్టి మీకు రాష్ట్రం చేత ప్రత్యేకంగా నోటిఫికేషన్ వేయించుకోవడం ఒక్కటే గట్టి దారి.

కానూరు_తాతయ్య · సోమవారం ఉదయం 7:30

బందరు రోడ్డు సంగతీ ఇదే. కానూరు, పోరంకి, తాడిగడప ఇప్పుడు మున్సిపాలిటీ అయ్యాయి. ఒకప్పుడు పంచాయతీలు. రోడ్డు అదే, దాని మీద లెక్క మారింది. ఇంకో చిక్కు చెప్తాను వినండి. 2022లో జిల్లాలు విడగొట్టాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో, కానూరు కృష్ణా జిల్లాలో పడ్డాయి. బెంజి సర్కిల్ నుంచి బయల్దేరిన బస్సు పోరంకి చేరేలోపు జిల్లా మారిపోతుంది. రోడ్డు భద్రత మీటింగులు రెండు కలెక్టరేట్లలో. రెండు చోట్లా అర్జీ ఇచ్చుకోవాలి మేము.

నాకు డెబ్బై రెండేళ్లు. రోడ్డు దాటడానికి పావుగంట నిలబడే రోజులున్నాయి. ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టమని కుర్రాళ్లు అంటారు. ఆ మెట్లు నేను ఎక్కలేను నాయనా. మీకు చేతనైతే బళ్లని నెమ్మది చేయించండి.

డల్లాస్_గుడివాడ · సోమవారం ఉదయం 8:10

మాది గుడివాడ. టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడ పద్ధతి వేరు, పోల్చుకోవడానికి రాస్తున్నాను. ఊరి గుండా రాష్ట్ర రహదారి పోతున్నా, ఊరి పరిధిలో ఉన్న ముక్క మీద వేగ పరిమితి మార్చే అధికారం సిటీ కౌన్సిల్‌కి చట్టంలోనే ఉంది. ముందు ఇంజినీర్లు వచ్చి రోడ్డుని పరిశీలిస్తారు, ఎంత వేగంతో పోతున్నారో కొలుస్తారు, ఆ నివేదిక ఆధారంగా కౌన్సిల్ ఆర్డినెన్స్, అంటే ఆ ఊరి వరకూ ఒక చట్టం, చేస్తుంది. మీటింగు బహిరంగమే. మూడు నిమిషాలు మాట్లాడతానని పేరు ఇచ్చుకుంటే మాట్లాడనిస్తారు. మన దగ్గర కార్పొరేషన్‌కి ఆ పవర్ లేకపోవడమే అసలు లోపం అని నాకు అనిపిస్తుంది.

అయితే ఇక్కడి పద్ధతిలో తేడా ఒకటి ఉంది. అందులో 85వ శాతం వేగం అనేదే పెద్ద దిక్కు. కొలిచిన బళ్లలో నూటికి 85 ఏ వేగానికి లోపల ఉన్నాయో దానికి దగ్గరగా బోర్డు పెడతారు. వేగంగా పోయేవాళ్లు ఎక్కువైతే బోర్డు కూడా పైకే పోతుంది. అందుకే కాలిఫోర్నియా 2021లో చట్టం మార్చి, నడిచేవాళ్ల భద్రత చూసి ఊళ్లు ఇంకా తగ్గించుకునే వీలు కల్పించింది.

విశ్రాంత_ఇంజినీర్_బ్రాడీపేట · సోమవారం మధ్యాహ్నం 1:25

రోడ్ల పనిలో ముప్పై నాలుగేళ్లు చేశాను. 85వ శాతం గురించి ఆయన చెప్పింది నిజమే. దాని వెనక ఉన్న ఆలోచనని కొట్టిపారేయకండి. నూటికి 85 మంది డ్రైవర్లు రోడ్డుని చూసి తామే ఎంచుకున్న వేగం అది. రోడ్డు వెడల్పుగా, తిన్నగా, అడ్డు లేకుండా 100కి తగినట్టు వేసి, 40 అని బోర్డు పెడితే బైకర్ బాబు చెప్పినట్టే కెమెరా దగ్గర బ్రేకు, తర్వాత మళ్లీ యాక్సిలరేటర్. కొంతమంది 40లో, కొంతమంది 90లో పోతే ఆ తేడాకే ప్రమాదాలు పెరుగుతాయి. రోడ్డు రూపం వేగాన్ని చెబుతుంది. బోర్డు ఆ తర్వాతే.

కానీ మన రోడ్డు మీద ఆ లెక్క ఒక్కటే పెట్టుకుంటే మోసపోతాం. ఎందుకంటే ఆ కొలతలో రోడ్డు దాటే పిల్ల లేదు. టీచర్ గారి పిల్ల ఏం చేస్తుందో లెక్క కట్టి చూద్దాం. ఒక్కో వైపు మూడు వరుసలు అనుకోండి, వరుసకి 3.5 మీటర్లు, మొత్తం 10.5. మామూలుగా సెకనుకి 1.2 మీటర్లు నడుస్తామని లెక్క. డివైడర్ చేరడానికి దాదాపు 9 సెకన్లు. 80లో వస్తున్న కారు ఆ 9 సెకన్లలో 200 మీటర్లు వచ్చేస్తుంది. అంటే పదేళ్ల పిల్ల 200 మీటర్ల అవతల ఉన్న బండిని చూసి, దాని వేగం ఊహించి, అడుగు వేయాలి. పెద్దవాళ్లకే కుదరదు అది. 60 అయితే 150 మీటర్లు.

ఆగడం సంగతి చూడండి. డ్రైవరు చూసి, తేరుకుని, బ్రేకు వేసి బండి ఆగేదాకా ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వేసిన లెక్క: 40లో 45 మీటర్లు, 60లో 80, 80లో 120, 100లో 180. వేగం రెట్టింపైతే ఆగే దూరం రెండింతలు కాదు, దాదాపు మూడింతలకి పోతుంది.

పటమట_బైకర్ · సోమవారం మధ్యాహ్నం 1:50

సార్, లెక్క బాగా అర్థమైంది. కానీ రింగ్ నుంచి గన్నవరం దాకా మొత్తం 40 చేస్తే రోజూ ఎంత టైము పోతుంది? మాకూ ఉద్యోగాలున్నాయి.

నైట్_డ్యూటీ · సోమవారం మధ్యాహ్నం 2:30

నేను నర్సుని, మంగళగిరి వైపు క్యాజువాలిటీలో చేస్తాను. నిద్రపోయే వేళ, అయినా చదివాక పడుకోలేకపోయాను.

బైకర్ తమ్ముడూ, టైము సంగతి నేనే చెప్తాను. 5 కిలోమీటర్లు 80లో పోతే 3 నిమిషాల 45 సెకన్లు. 60లో పోతే 5 నిమిషాలు. మిగిలేది 75 సెకన్లు. ఆ 75 సెకన్ల కోసం ఏం జరుగుతుందో వారంలో నాలుగు రాత్రులు నేను చూస్తాను. ఎక్కువగా నడిచేవాళ్లు, బైకుల మీద వాళ్లు. కారులోపల వాళ్లు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట ఒకటి మా ట్రైనింగులో విన్నాను, మర్చిపోలేదు. కారు ముందుభాగం తగిలిన పాదచారి చనిపోయే ప్రమాదం 50 నుంచి 65కి వేగం పెరిగితే నాలుగున్నర రెట్లు అవుతుంది. పదిహేను కిలోమీటర్ల తేడా, అంతే.

నీ మీద కోపం కాదు. నువ్వూ ఆ బైకు మీదే పోతున్నావు.

పటమట_బైకర్ · సోమవారం మధ్యాహ్నం 2:41

అక్కా, మీ మాటకి ఎదురు చెప్పలేను. మొత్తం రోడ్డంతా కాకుండా, జనం దాటే చోట్ల ముక్కలు ముక్కలుగా తగ్గిస్తే నేను ఒప్పుకుంటాను. బోర్డు కనపడాలి. ఎక్కడ అయిపోతుందో కూడా చెప్పాలి.

ఆటోనగర్_లారీ · సోమవారం సాయంత్రం 4:15

అదీ మాట. 40 అని పెడతారు, ఎందాకో చెప్పరు. ఆంక్ష అయిపోయిందని తెల్ల గుండ్రం మీద నల్ల అడ్డగీత బోర్డు ఒకటి ఉంటది. మన రోడ్ల మీద అది నాకు కనపడటమే తక్కువ. అది లేకపోతే డ్రైవరు వంద మీటర్లు పోయాక తనంతట తనే అయిపోయిందనుకుంటాడు.

విశ్రాంత_ఇంజినీర్_బ్రాడీపేట · సోమవారం సాయంత్రం 5:00

లారీ గారు సరిగ్గా పట్టుకున్నారు. ఇంకో తేడా కూడా చూడాలి. ఎర్ర అంచు గుండ్రం బోర్డులో అంకె ఉంటే అది ఆజ్ఞ, తప్పితే చలానా. త్రికోణంలో ఉన్నవి హెచ్చరికలు. పసుపు రేకు మీద 'నెమ్మదిగా వెళ్లుము' అని రాసిపెట్టేది మంచిమాట మాత్రమే.

కొందరు వెంటనే స్పీడ్ బ్రేకర్ వేయమంటారు. జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్లు వేయకూడదనేది కేంద్ర మంత్రిత్వ శాఖ విధానం. మెయిన్ రోడ్డు మీద అడగొద్దు, అర్జీ అక్కడే ఆగిపోతుంది. అడ్డంగా దట్టమైన తెల్లటి గీతలు, బండిని కాస్త అదిరించే రంబుల్ స్ట్రిప్స్ అడగండి. సర్వీసు రోడ్డు హైవేలో కలిసేచోట అయితే బ్రేకర్ అడగొచ్చు. దానికీ కొలత ఉంది: 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, దాని మీద 25లో పోతే కుదుపు రాదు. ఊళ్లో రాత్రికి రాత్రి వేసే కాంక్రీటు గట్టు దానికిందికి రాదు, నడుములు విరిచేది అదే.

నన్నడిగితే అన్నిటికంటే ముందు డివైడర్‌లో ఎక్కడపడితే అక్కడ ఉన్న సందులు మూసి, జనం నిజంగా దాటే ఒకటి రెండు చోట్ల వెడల్పైన తిన్నె కట్టాలి. పిల్ల ఒక్కోసారి ఒక వైపే చూసుకుని దాటి, మధ్యలో భయం లేకుండా నిలబడగలగాలి. దాంతోపాటు లైటు. దాంతోపాటు 50 బోర్డు. ఈ మూడూ కలిసొస్తేనే ఆ అంకెకి విలువ.

కానూరు_తాతయ్య · సోమవారం సాయంత్రం 5:20

లైటు మాట మర్చిపోకండి. ఆరున్నర తర్వాత చీకట్లో మమ్మల్ని ఎవరూ చూడరు.

లా_గుంటూరు · సోమవారం రాత్రి 9:10

ప్రభుత్వ లెక్కలు కొంచెం చెప్తాను. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు, 1,68,491 మంది చనిపోయారు. మరణాల్లో 71.2 శాతం అతివేగం వల్లే అని నివేదిక. రోడ్ల మొత్తం పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు వంతులే. మరణాల్లో 36.2 శాతం వాటి మీదే.

విశ్రాంత_ఇంజినీర్_బ్రాడీపేట · సోమవారం రాత్రి 9:35

ఆ 71 శాతం అంకెని జాగ్రత్తగా చదవాలండీ. ప్రమాదం జరిగాక కారణం రాసేటప్పుడు అతివేగం అని రాయడం సులువు. లైటు లేదనీ, డివైడర్ సందు తప్పుచోట ఉందనీ రాయాలంటే రోడ్డు వేసినవాళ్ల మీదికి పోతుంది. డ్రైవరు తప్పు కాదని నేను అనట్లేదు. ఒక్క డ్రైవరు తప్పే అని రాసుకుంటూ పోతే ఆ చోటు మారదు, వచ్చే ఏడు మళ్లీ అక్కడే జరుగుతుంది. 2019 సవరణలో 198ఏ సెక్షన్ అందుకే వచ్చింది. రోడ్డు రూపకల్పన, నిర్వహణ ప్రమాణాలు పాటించకపోతే బాధ్యుడికి లక్ష రూపాయల దాకా జరిమానా.

టీచర్_నిడమానూరు · మంగళవారం ఉదయం 6:05

నిన్న స్కూల్లో అందరికీ చూపించాను ఇది. ఆ 9 సెకన్ల లెక్క మా లెక్కల మాస్టారు బోర్డు మీద వేసి పదో తరగతికి చెప్పారు. పిల్లలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు ఏం రాయాలి, ఎవరికి ఇవ్వాలి? బ్లాక్ స్పాట్ అని ఒకటి ఉంటుందట, అందులో మా చోటు ఉంటే తప్ప పట్టించుకోరని ఒకాయన అన్నారు.

లా_గుంటూరు · మంగళవారం ఉదయం 7:40

బ్లాక్ స్పాట్ అంటే జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్క. గడిచిన మూడేళ్లలో అక్కడ ప్రాణం పోయిన లేదా తీవ్రగాయాలైన ప్రమాదాలు 5 జరిగి ఉండాలి, లేదా 10 మంది చనిపోయి ఉండాలి. జాబితాలోకి ఎక్కాలంటే అంతమంది పోయేదాకా ఆగాలని మీకు ఎవరైనా చెప్తే వినకండి. 112వ సెక్షన్‌లో ప్రజల భద్రత కోసం అవసరమైతే అని ఉంది. ఇంతమంది చనిపోయాక అని లేదు. మీ అర్జీకి ఆ వాక్యమే ఆధారం.

అర్జీ కలెక్టర్‌కి ఇవ్వండి. చట్టంలోని 215వ సెక్షన్ కింద జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, దానికి కలెక్టరే పెద్ద. పోలీసులు, రవాణా శాఖ, రోడ్ల ఇంజినీర్లు అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చునేది అక్కడే. మిమ్మల్ని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిప్పడం అక్కడ కుదరదు. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకోవడం మాత్రం మర్చిపోకండి. ఒక కాపీ జాతీయ రహదారుల సంస్థకి పంపండి. వాళ్ల రోడ్డు మీద బోర్డులు పెట్టే అధికారం 116వ సెక్షన్‌లో వాళ్లకీ ఉంది. చెట్టుకొమ్మల వెనక ఉన్న 40 బోర్డు గురించి 1033కి ఈరోజే ఫోన్ చేయొచ్చు, దానికి అర్జీ అక్కర్లేదు.

దాంతోపాటు సమాచార హక్కు దరఖాస్తు ఒకటి, 10 రూపాయలు. ఈ కిలోమీటర్ల మధ్య వేగ పరిమితి నోటిఫికేషన్ కాపీ ఇవ్వండి, మూడేళ్ల ప్రమాదాల వివరాలు చోటువారీగా ఇవ్వండి అని రెండే ప్రశ్నలు. 30 రోజుల్లో జవాబు రావాలి. నోటిఫికేషనే లేదని జవాబు వస్తే ఆ కాగితమే మీ రెండో అర్జీకి బలం.

డల్లాస్_గుడివాడ · మంగళవారం ఉదయం 8:00

మార్చడం కుదరదని ఎవరైనా అంటే ఢిల్లీ చూపించండి. 2021 జూన్‌లో అక్కడ రోడ్లవారీగా పరిమితులు మళ్లీ రాశారు, కాలనీల లోపల 30 చేశారు. హైదరాబాద్ ఔటర్ మీద 2023లో 100 నుంచి 120కి పెంచారు. పైకి మార్చగలిగినవాళ్లు కిందికీ మార్చగలరు.

విశ్రాంత_ఇంజినీర్_బ్రాడీపేట · మంగళవారం ఉదయం 9:30

అర్జీలో ఆవేదన ఒక పేరా చాలు. మిగతా అంతా కొలత ఉండాలి. కమిటీలో ఇంజినీరు అడిగే మొదటి ప్రశ్న, ఎంతమంది దాటుతున్నారు, బళ్లు ఎంత వేగంతో పోతున్నాయి అని. రాడార్ గన్ లేకపోయినా కొలవొచ్చు. మేం ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే కొలిచేవాళ్లం.

రోడ్డు పక్కన కచ్చితంగా 100 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టుకోండి. మొదటి గుర్తు దగ్గర ఒకరు, రెండో గుర్తు దగ్గర స్టాప్‌వాచ్‌తో ఒకరు. బండి ముందు చక్రం మొదటి గుర్తు దాటగానే మొదటివాళ్లు చెయ్యి దించాలి, వాచీ మొదలవ్వాలి. రెండోది దాటగానే ఆపాలి. 6 సెకన్లు పడితే 60. నాలుగున్నర పడితే 80. 3.6 పడితే 100. ముందు బండికి అంటుకుని పోతున్నవాటిని లెక్క వేయకండి, ఖాళీగా తనంతట తను పోతున్న బండే లెక్క. కారు, బైకు, లారీ వేరువేరు కాగితాల మీద రాయండి, కలిపేస్తే ఏమీ తెలియదు. కనీసం వంద కార్లు కావాలి. వర్షం రోజు వద్దు. జనం బాగా దాటే టైములో మనుషుల లెక్క, రోడ్డు ఖాళీగా ఉండే టైములో వేగం లెక్క.

పిల్లల్ని దీనికి తీసుకురావద్దు. ఎవరూ తారు మీద అడుగు పెట్టొద్దు.

పటమట_బైకర్ · మంగళవారం ఉదయం 9:48

వాచీ నేను పట్టుకుంటాను సార్. బుధవారం నాకు మధ్యాహ్నం షిఫ్టు. ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా ఉండగలను. లెక్కలన్నీ షీటులో వేసి 85వ శాతం కూడా తీసి ఇక్కడే పెడతాను.

నైట్_డ్యూటీ · మంగళవారం ఉదయం 10:15

డ్యూటీ దిగి నేరుగా వస్తాను. దాటేవాళ్ల లెక్క నేను రాస్తాను. పిల్లలు, ముసలివాళ్లు, చంకలో బిడ్డ ఉన్న ఆడవాళ్లు వేరుగా రాయాలి.

కానూరు_తాతయ్య · మంగళవారం ఉదయం 10:40

మీది అయ్యాక మా బందరు రోడ్డు మీద కూడా ఒక పూట కొలిచి పెట్టండి నాయనా. టీ నేను పోయిస్తాను.

మోడరేటర్ · మంగళవారం ఉదయం 11:00

ఈ చర్చని పైన పిన్ చేస్తున్నాను. చలాన్ల గురించి వేరే చర్చ తెరవండి. ఇక్కడ కొలతలు, అర్జీ సంగతులే రాయండి. పిల్లలు కనిపించే ఫొటోలు పెట్టొద్దు.

టీచర్_నిడమానూరు · మంగళవారం సాయంత్రం 6:30

1033కి ఫోన్ చేశాను, ఫిర్యాదు నంబరు రాసుకున్నాను. బుధవారం ఉదయం 7:45కి స్టాప్ దగ్గర ఉంటాను. ఆటల మాస్టారి దగ్గర టేపు ఉంది కానీ 30 మీటర్లదే. మూడుసార్లు పరిచి, ఇంకో 10 కొలుచుకోవాలి. సుద్దముక్కలు నేను తెస్తాను.

ఆటోనగర్_లారీ · మంగళవారం రాత్రి 8:05

సుద్ద నిలవదమ్మా, పది బళ్లు పోతే దుమ్ముకి చెరిగిపోద్ది. మా షెడ్డులో రెండు ఎర్ర జెండాలు, ఇనప స్టాండ్లు ఉన్నాయి, బండి ఆగిపోతే వెనక పెట్టుకునేవి. అంచు అవతల మట్టిలో పాతి ఇస్తాను. రేడియం జాకెట్లు కూడా నాలుగు తెస్తాను, అందరూ వేసుకోవాల. ఏడింటికల్లా వచ్చేస్తాను, ముందు ఆ కొమ్మ సంగతి చూద్దాం.

టీచర్_నిడమానూరు · మంగళవారం రాత్రి 8:12

కొమ్మ మనం కొట్టొద్దు బాబాయ్. ఫిర్యాదు నంబరు ఉంది కదా, రేపు ఫొటో తీసి తేదీతో సహా అర్జీకి జత చేద్దాం.